40 ఏళ్లకు మళ్లీ కలిసిన 'అబ్బా' – మన పాటలకు అందులో ఏముంది?



దండారి వచ్చినా, జాతర వచ్చినా, ఆదివాసీ దినోత్సవం వచ్చినా మన గ్రూపులో ఒక గొడవ తప్పదు. ఎవరో ఒకరు థింసా పాటకు డీజే బీటు కలిపి పెడతారు. వెంటనే సగం మంది "సూపర్ అన్నా" అంటారు. మిగతా సగం మంది "మన పాటను ఖూనీ చేశారు" అని మండిపడతారు. రెండు రోజులు కామెంట్లు నడుస్తాయి, తర్వాత అందరూ మర్చిపోతారు. మళ్లీ పండగొస్తే మళ్లీ అదే గొడవ. దీని మీద కాస్త నిదానంగా మాట్లాడుకుందామని ఈ పోస్టు రాస్తున్నాం. అందుకు మనం ఎంచుకున్న ఉదాహరణ మన ఊళ్లకు చాలా దూరంలో ఉంది. స్వీడన్ దేశపు పాప్ బృందం 'అబ్బా'. "మన సంగతులు వదిలేసి వాళ్ల కథ ఎందుకు?" అని అడగొచ్చు. చివరిదాకా చదివితే ఎందుకో తెలుస్తుంది. వాళ్ల కథలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి, మనం కోపంగా ప్రశ్నించాల్సినవీ ఉన్నాయి.

పేరు వినగానే నవ్వొస్తుంది. తెలుగులో మనం నొప్పేసినా 'అబ్బా' అంటాం, ఆశ్చర్యమేసినా 'అబ్బా' అంటాం. వాళ్లకు మాత్రం అది నలుగురి పేర్లలోని మొదటి అక్షరాల కలయిక. అగ్నేతా, బ్యోర్న్, బెన్నీ, ఆనీ-ఫ్రిడ్. ఇద్దరు ఆడవాళ్లు పాడేవాళ్లు, ఇద్దరు మగవాళ్లు పాటలు కట్టేవాళ్లు. అగ్నేతా-బ్యోర్న్ ఒక జంట, ఫ్రిదా అని పిలిచే ఆనీ-ఫ్రిడ్-బెన్నీ ఇంకో జంట. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో 'వాటర్లూ' పాటతో గెలిచారు. అక్కడి నుంచి ఎనిమిదేళ్లపాటు ప్రపంచమంతా వాళ్ల పాటే. ఎనిమిది ఆల్బమ్‌లు చేశారు. ఈలోగా రెండు జంటలూ విడిపోయాయి. 1981 చివర్లో ఎనిమిదో ఆల్బమ్ 'ద విజిటర్స్' వచ్చింది, 1982తో కలిసి పనిచేయడం ఆగిపోయింది. 'ఇక మేం లేం' అని గట్టిగా ప్రకటించింది కూడా లేదు. చప్పుడు లేకుండా ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఆ తర్వాత 2021 నవంబర్ 5న తొమ్మిదో ఆల్బమ్ 'వాయేజ్' విడుదలైంది. మధ్యలో గడిచింది 40 ఏళ్లు. అప్పటికి నలుగురిలో చిన్నదైన అగ్నేతాకు 71, పెద్దవాడైన బ్యోర్న్‌కు 76. ఆల్బమ్‌లో పది పాటలున్నాయి. బ్రిటన్‌లో మొదటి స్థానం. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానం. తమ మంచి కాలంలో కూడా అక్కడ వాళ్లు అంత పైకి పోలేదు. అంత పేరున్నా అప్పటిదాకా ఒక్క గ్రామీ నామినేషన్ రాని వాళ్లకు, ఈ ఆల్బమ్‌లోని 'ఐ స్టిల్ హేవ్ ఫెయిత్ ఇన్ యూ' పాటతో మొదటిసారి వచ్చింది.

ఆల్బమ్ గొప్పదా అంటే, మా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాం. అన్నీ గొప్ప పాటలు కావు. రెండు మూడు పాటలు పాత ఇంట్లో దుమ్ము దులిపి తెచ్చిన సామాన్లలా ఉన్నాయి. 'జస్ట్ ఎ నోషన్' నిజంగానే 1978లో మొదలుపెట్టి పక్కన పడేసిన పాట. ఆనాటి గొంతులు అలాగే ఉంచి, వాద్యాలు కొత్తగా వాయించారు. అయినా ఆల్బమ్ మొత్తం వింటే మనసుకు పట్టే విషయం ఒకటుంది. వాళ్లు తమ వయసును దాచుకోలేదు. ఆడవాళ్లిద్దరి గొంతులూ కిందికి దిగాయి. పాత పాటల్లో ఆకాశం మీదికి ఎగిరే శ్రుతి ఇప్పుడు లేదు. దాన్ని కంప్యూటర్లో పైకి లాగి కుర్రతనం తెచ్చే ప్రయత్నం చేయకుండా, ఆ గొంతులకు తగిన శ్రుతిలో పాటలు కట్టారు. 2021లో నడుస్తున్న ఫ్యాషన్ ఏదని వెతుక్కోలేదు. వాళ్లు ఎలా కడతారో అలాగే కట్టారు. మన ఊళ్లో 70 ఏళ్ల అవ్వ పాడితే ఆ గొంతులో వణుకు ఉంటుంది కదా. ఆ వణుకు కూడా పాటలో భాగమే. పాటను ఆటో-ట్యూన్‌లో వేసి ఆ వణుకు తీసేసే మన తమ్ముళ్లు ఈ ఆల్బమ్ ఒకసారి వినాలి.

సరే, 40 ఏళ్లు కనిపించకుండా పోయిన బృందాన్ని లోకం ఎందుకు మర్చిపోలేదు? అసలు ప్రశ్న ఇదే.

మొదటి కారణం, పాటల్లో ఉన్న పనితనం. ఇంగ్లండ్‌లో పంక్ కుర్రాళ్లు పాప్ సంగీతమంటేనే ఉమ్మేసిన రోజుల్లో, ఆ పంక్‌కు పెద్ద దిక్కైన సెక్స్ పిస్టల్స్ బృందంలో గ్లెన్ మాట్‌లాక్ తన పాట ఒకదానికి ఊపిరి అబ్బా వాళ్ల 'ఎస్ఓఎస్' నుంచి తీసుకున్నానని చెప్పుకున్నాడు. 1992లో ఇరేజర్ అనే బ్రిటిష్ బృందం నాలుగు అబ్బా పాటలు తిరగపాడితే అది అక్కడ మొదటి స్థానంలో నిలిచింది. అదే ఏడాది పాత పాటలన్నీ ఏరి 'అబ్బా గోల్డ్' వేశారు. 1999లో లండన్‌లో 'మమ్మా మియా' సంగీత నాటకం మొదలైంది, 2008లో సినిమా అయింది. ప్రతి పదేళ్లకూ ఒక కొత్త తరం ఆ పాటల్ని తమవిగా చేసుకుంది. తాతల పాటను మనవళ్లు పాడితేనే పాట బతుకుతుందని మన పెద్దలు చెప్పేది కూడా ఇదే.

రెండో కారణం వేర్లు. బెన్నీ చిన్నప్పుడు తండ్రి దగ్గర, తాత దగ్గర అకార్డియన్ నేర్చుకున్నాడు. మెడకు తగిలించుకుని, తిత్తిని సాగదీస్తూ మెట్లు నొక్కి వాయించే పెట్టె అది. ఇద్దరూ వాయించేవాళ్లే. ఊరి నాట్యాలకు, పండగలకు వాయించే జానపద బాణీలే అతని మొదటి చదువు. బ్యోర్న్ కూడా మొదట జానపద పాటలు పాడే హూటెనానీ సింగర్స్ అనే బృందంలో పేరు తెచ్చుకున్నాడు. అబ్బా పాటల్లో పైకి వినబడేది సింథసైజర్, డిస్కో తాళం. కింద మాత్రం ఉత్తర దేశపు జానపదంలో ఉండే ఒక దిగులు రాగం నడుస్తుంటుంది. సంతోషంగా గంతులేయించే పాటలో కూడా లోపల ఏదో బాధ ఉంటుంది. బెన్నీ తర్వాతి కాలంలో జానపద వాద్యకారులతో సొంత ఆర్కెస్ట్రా పెట్టుకుని తిరిగి అక్కడికే పోయాడు. 'వాయేజ్'లో 'వెన్ యూ డాన్స్‌డ్ విత్ మీ' పాట వినండి. ఊరి సంతలో ఫిడేలు వాయించినట్టే ఉంటుంది.

ఇది మన గొడవకు సంబంధించిన మాట. కొత్త వాద్యం కలిస్తే పాట చావదు. కింద నడిచే రాగం తెలియనివాడు కలిపితే చస్తుంది. పెప్రె ఊదడం, తుడుం కొట్టడం, డోలు దరువుల్లో తేడా తెలిసినవాడు కీబోర్డు పట్టుకుంటే భయం లేదు. కీబోర్డు మాత్రమే తెలిసినవాడు యూట్యూబ్ నుంచి రెండు నిమిషాల థింసా కోసుకుని, కింద ఎక్కడో కొన్న బీటు అతికిస్తే అది మన పాట అనిపించుకోదు. కాబట్టి 'రీమిక్స్ చేయొచ్చా వద్దా' అని కొట్టుకునే బదులు 'చేసేవాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు' అని అడుగుదాం.

మూడోది భాష. ఇది మనకు బాగా తగులుతుంది. యూరోవిజన్ పోటీలో ఒకప్పుడు ఎవరి దేశభాషలో వాళ్లే పాడాలని నియమం ఉండేది. 1973లో దాన్ని ఎత్తేశారు. 1977లో మళ్లీ పెట్టారు. ఆ మధ్య సందులోనే, 1974లో, అబ్బా వాళ్లు ఇంగ్లిషులో పాడి గెలిచారు. ఇంగ్లిషు వాళ్ల అమ్మభాష కాదు. బడిలో నేర్చుకున్న భాష. మనలో చాలామందికి తెలుగు ఎలాగో వాళ్లకు ఇంగ్లిషు అలాగ. ఇంట్లో గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు ఆ తెలుగులోనే ఈ పోస్టు రాస్తున్నాం, మీరూ చదువుతున్నారు. బయటి భాషలో పాడితే తప్పేం లేదని అబ్బా నిరూపించింది.

అయితే ఇక్కడితో ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. వాళ్లు ఇంటి భాషకు తిరిగొచ్చారు. 1995లో బెన్నీ, బ్యోర్న్ కలిసి 'క్రిస్టీనా ఫ్రాన్ దూవెమోలా' అనే పెద్ద సంగీత నాటకం స్వీడిష్‌లో రాశారు. కరువు తట్టుకోలేక స్వీడన్ పల్లెల నుంచి అమెరికాకు వలసపోయిన పేద రైతుల కథ అది. ఫ్రిదా 1996లో స్వీడిష్‌లో ఆల్బమ్ చేసింది. వాళ్లు ఇంగ్లిషులో పాడిన కాలమంతా స్వీడిష్‌కు బడి ఉంది, పేపరు ఉంది, రేడియో ఉంది, ప్రభుత్వం ఉంది. ఎంత దూరం పోయినా తిరిగి రావడానికి ఇల్లు అక్కడే ఉంది. మన భాషలకు అది లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఆదివాసీ భాషలు రెండే, సంతాలీ, బోడో. అవీ 2003 రాజ్యాంగ సవరణతో చేరాయి. గోండి మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నా ఇంకా బయటే. అందుకే మన పిల్లలు తెలుగు ర్యాప్ పాడితే మెచ్చుకుందాం, కానీ ఆ ర్యాపులో నాలుగు చరణాలు కోయలోనో గోండిలోనో ఉండాలని పట్టుబడదాం. మన ఇంటిని మనమే నిలబెట్టుకోవాలి. మన తరఫున నిలబెట్టేవాళ్లు ఇప్పటికైతే ఎవరూ లేరు.

నాలుగోది బడి. అబ్బా తర్వాత స్వీడన్ నుంచి పాటల వరద ఆగలేదు. స్టాక్‌హోమ్‌లో డెనిజ్ పాప్ అనే అతను, అతని దగ్గర పని నేర్చుకున్న మాక్స్ మార్టిన్ కలిసి అమెరికా పాప్ నడకనే మార్చేశారు. బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, బ్రిట్నీ స్పియర్స్ పాటల వెనక ఉన్నది స్టాక్‌హోమ్‌లోని చిన్న స్టూడియో. కోటి జనాభా ఉన్న దేశం ఇది. నీళ్లలో మహిమేం లేదు. అక్కడ మున్సిపాలిటీలు నడిపే సంగీత పాఠశాలలు ఉన్నాయి. ఊళ్లో ఏ పిల్లవాడైనా బడి అయ్యాక వెళ్లి, తక్కువ ఫీజుకో ఉచితంగానో ఒక వాద్యం నేర్చుకోవచ్చు. మాక్స్ మార్టిన్ తన విజయానికి ఈ ప్రభుత్వ సంగీత విద్యే కారణమని బాహాటంగా చెప్పాడు. ప్రతిభ ఇంటింటా పుడుతుంది. దానికి వాద్యం, గురువు, రోజుకో గంట సమయం ఎవరిస్తారన్నదే తేడా.

మన ఆశ్రమ పాఠశాలల సంగతి మనకు వేరే చెప్పాలా? ఐదేళ్లకే ఊరు విడిచి హాస్టల్‌కు వస్తాం. డోలు నేర్పే తాత ఊళ్లో ఉంటాడు, నేర్చుకోవాల్సిన మనవడు హాస్టల్లో ఉంటాడు. దండారి రోజులకు సెలవిచ్చిన ఏడు ఇచ్చారు, లేనప్పుడు లేదు. పాట చేతులు మారాల్సిన పదేళ్లూ ఇలా పోతాయి. ఏకలవ్య మోడల్ స్కూళ్ల నియామకాల్లో సంగీతం టీచర్ పోస్టు ఉంది. మంచిదే. కానీ ఆ టీచర్ పరీక్ష రాసి ఎక్కడి నుంచో వస్తారు, మన కిక్రి, మన పెప్రె వాళ్లకు ఎలా తెలుస్తాయి? వారానికి రెండు పూటలు ఊరి కళాకారుడిని గెస్టు టీచర్‌గా పిలిచి, గౌరవంగా వేతనం ఇస్తే చాలు. ఇది కోట్ల ప్రాజెక్టు కాదు. ఐటీడీఏ తలచుకుంటే జరిగే పని.

ఐదోది హక్కు. మడోనా 2005లో 'హంగ్ అప్' పాటకు అబ్బా వాళ్ల 'గిమ్మీ! గిమ్మీ! గిమ్మీ!' సంగీతపు ముక్క కావాలనుకుంది. అంత పెద్ద గాయని కూడా బెన్నీ, బ్యోర్న్‌కు ఉత్తరం రాసి అనుమతి అడిగింది. వాళ్లు అలాంటి అనుమతులు ఎవరికీ తేలిగ్గా ఇవ్వరు. ఆలోచించుకుని ఒప్పుకున్నారు, ఆదాయంలో వాటా తీసుకున్నారు. మన దేశం సంగతి చూడండి. 1977లో వచ్చిన హిందీ సినిమా 'హమ్ కిసీసే కమ్ నహీ'లోని 'మిల్ గయా హమ్ కో సాథీ' పాట వింటే 'మమ్మా మియా' బాణీ వినబడుతుంది. అబ్బా బాణీనే తెచ్చేసుకున్న సినిమా రంగం, అడవిలో అవ్వ పాడిన బాణీకి అనుమతి అడుగుతుందా? 'జానపదం' అని టైటిల్స్‌లో వేస్తే అయిపోయింది. ఏ ఊరిది, ఏ తెగది, ఎవరు పాడితే విన్నారు, అవేవీ ఉండవు.

చట్టం ఏం చెప్తుందో కాస్త తెలుసుకుందాం. మన దేశ కాపీరైట్ చట్టం 1957లో, రచయిత ఫలానా అని లేకుండా తరతరాలుగా వస్తున్న పాటకు కాపీరైట్ చూపించడం కష్టం. కానీ ఆ పాటను రికార్డు చేస్తే, ఆ రికార్డింగ్ మీద దాన్ని చేయించినవాళ్లకు 60 ఏళ్ల హక్కు ఉంటుంది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. దీని అర్థమేంటి? మన పాటను మొదట బయటివాడు మంచి మైకు పెట్టి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే, ఆ రికార్డింగ్‌కు యజమాని అతనే. పాడిన అక్కకు హక్కు ఉన్నా, ఆమెకు ఆ సంగతి తెలియదు, చేతిలో కాగితం ఉండదు. ఆ రికార్డింగ్‌ను మన పిల్లలే వాడుకుంటే మనకే కాపీరైట్ స్ట్రైక్ వస్తుంది. కాబట్టి మన పాటల్ని మనమే మొదట రికార్డు చేసుకోవాలి. ఇది సరదా కోసం చేసే పని కాదు, భూమికి పట్టా చేయించుకున్నంత ముఖ్యమైన పని.

ఇక్కడిదాకా స్వీడన్‌ను మెచ్చుకున్నాం. ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. లేకపోతే ఈ గ్రూపులో రాయాల్సిన పోస్టు కాదిది.

ఆ స్వీడన్‌లోనూ ఆదివాసులున్నారు. వాళ్ల పేరు సామి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తరాన పరుచుకున్న వాళ్ల నేలను సాప్మీ అంటారు. రెయిన్‌డీర్ల మందలు మేపుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికిన జనం. వాళ్ల పాటను జోయిక్ అంటారు. ఒక మనిషికి, ఒక కొండకు, ఒక జంతువుకు ఒక్కో జోయిక్ ఉంటుంది. ఒక మనిషి జోయిక్ పాడితే ఆ మనిషిని అక్కడికి పిలిచినట్టే అని వాళ్లు భావిస్తారు. మన పెద్దలు పెర్సపేన్ పేరు ఎత్తి పాడేటప్పుడు దేవుడు వచ్చి కూర్చుంటాడని నమ్మే మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఆ జోయిక్‌ను పాపమన్నారు. 17, 18 శతాబ్దాల్లో మిషనరీలు సామి పూజారుల డోళ్లను లాక్కున్నారు, చాలావాటిని కాల్చేశారు. 1913లో స్వీడన్ ప్రభుత్వం రెయిన్‌డీర్లు మేపే సామి పిల్లలకు 'సంచార బడులు' పెట్టింది. మిగతా స్వీడిష్ పిల్లలకంటే తక్కువ చదువు, వేరే బడి. 1922లో ఉప్సాలాలో జాతుల జీవశాస్త్ర సంస్థ పెట్టి, సామి జనం పుర్రెలు కొలిచారు. అంటే మాక్స్ మార్టిన్‌ను తయారుచేసిన దేశమే, ఇంకో పక్క పిల్లల నోట్లోంచి పాట లాగేసింది కూడా.

తేదీలు గమనించండి. 'వాయేజ్' ఆల్బమ్ 2021 నవంబర్ 5న వచ్చింది. అదే నెల 24న ఉప్సాలా కథీడ్రల్‌లో స్వీడన్ చర్చి సామి జనానికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మొదటి వార్త ప్రపంచమంతా మోగింది. రెండో వార్త మనలో ఎంతమందికి చేరింది? ఒకే దేశం, ఒకే నెల, రెండు తిరిగిరావడాలు. 40 ఏళ్ల మౌనం తర్వాత నాలుగు గొంతులు తిరిగొచ్చాయి. వందల ఏళ్లు నొక్కిపెట్టిన గొంతుకు మాత్రం అప్పటికి ఒక క్షమాపణ దక్కింది.

కానీ సామి జనం క్షమాపణ కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. అబ్బా గెలిచిన అదే యూరోవిజన్ వేదికను వాడుకున్నారు. నార్వేలో ఆల్టా నది మీద డ్యామ్ కట్టాలనుకున్నారు. మొదటి ప్లాను ప్రకారమైతే మాజే అనే సామి ఊరు మునిగిపోయేది. జనం తిరగబడ్డారు. 1979లో ఓస్లోలో పార్లమెంటు ముందు డేరా వేసి సామి యువకులు నిరాహారదీక్ష చేశారు. 1980 యూరోవిజన్‌లో నార్వే తరఫున స్వెర్రె షెల్స్‌బర్గ్, మాట్టిస్ హెట్టా కలిసి ఆ పోరాటం గురించిన పాట పాడారు. మాట్టిస్ ఆ మాజే ఊరివాడే. అతను వేదిక మీద జోయిక్ పాడాడు. పోటీలో 16వ స్థానం వచ్చింది. డ్యామ్ చివరికి కట్టేశారు, కానీ ఊరు మునగలేదు. 1989లో నార్వేలో సామి పార్లమెంటు మొదలైంది, 1993లో స్వీడన్‌లోనూ వచ్చింది. 2019లో కేయినో అనే నార్వే బృందం జోయిక్ కలిసిన పాప్ పాటతో అదే యూరోవిజన్‌లో ప్రేక్షకుల ఓట్లలో మొదటి స్థానం కొట్టింది.

పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. మీకు ఈ కథ వివరించక్కర్లేదు. ఊరితో పాటు ఏం మునుగుతుందో మీకు తెలుసు. ఫలానా చింత కింద పాడే పాట, ఫలానా వాగు దాటేటప్పుడు పాడే పాట. పునరావాస కాలనీలో సిమెంటు ఇల్లు ఇస్తారు గానీ ఆ పాట పాడే చోటు ఇవ్వరు. ఆ పాటలైనా రికార్డు కావాలి కదా.

ఇప్పుడు మన దగ్గరికే వద్దాం. 2021లో మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2022లో మణుగూరు ప్రాంతపు డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క-సారలమ్మ కథను కోయ భాషలో డోలు మీద పాడగలిగిన గొంతు ఆయనది. అప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. 2024లో ఒకే ఏడాది ఇద్దరూ వెళ్లిపోయారు. మళ్లీ స్టేటస్‌లు పెట్టుకున్నాం. రెంటి మధ్య దొరికిన ఆ రెండు మూడేళ్లలో, వాళ్ల పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా నేర్చుకున్నవాళ్లు మన తరంలో ఎంతమంది? ఈ ప్రశ్న ఎవరినో నిందించడానికి కాదు. ఇంకా మన మధ్య ఉన్నవాళ్ల కోసం అడుగుతున్నాం.

అబ్బా వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. 2022 మే 27 నుంచి లండన్‌లో 3,000 మంది పట్టే ప్రత్యేక హాలు కట్టి, కంప్యూటర్‌తో తయారుచేసిన కుర్ర అబ్బాను వేదిక మీద పాడిస్తున్నారు. దానికోసం ఆ నలుగురూ ఐదు వారాలపాటు ఒంటికి సెన్సార్ల దుస్తులు తొడుక్కుని కెమెరాల ముందు పాడి ఆడారు. పక్కన నిజమైన వాద్యకారులు వాయిస్తారు. రేపు వాళ్లు లేకున్నా ఆ బొమ్మలు పాడతాయి. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మాకు మాత్రం ఆ బొమ్మల కంటే ఆ నలుగురు వృద్ధులు ఒక గదిలో కూర్చుని కిందికి దిగిన గొంతులతో పాడిన పది పాటలే ఎక్కువ. పైగా మన అవ్వలకు, తాతలకు ఎవరూ అలాంటి హాలు కట్టరు. మన చేతిలో ఉన్నది ఒక ఫోను, ఒక సాయంత్రం.

"వాళ్లకు డబ్బుంది, తెల్లవాళ్లు, వాళ్లతో మనకు పోలికేంటి?" అని కొందరు అంటారు. నిజమే, పోలిక పూర్తిగా కుదరదు. అయినా ఫ్రిదా పుట్టుక సంగతి ఒకటి చెప్తాం. ఆమె 1945లో నార్వేలో పుట్టింది. తల్లి నార్వే అమ్మాయి, తండ్రి ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సైన్యంలో సైనికుడు. అలాంటి పిల్లల్ని యుద్ధం తర్వాత నార్వేలో ఊరూవాడా వెలివేసినట్టు చూసింది. అమ్మమ్మ ఆ పసిపిల్లను తీసుకుని స్వీడన్‌కు వచ్చేసింది. తల్లి 21 ఏళ్లకే చనిపోయింది. ఫ్రిదాను పెంచిందీ, ఆమెతో పాటలు పాడించిందీ ఆ అమ్మమ్మే. పేరు పడిన పుట్టుక, పక్కన ఒక ముసలావిడ, ఒక పాట. మనలో ఎంతమంది కథ కాదిది?

అందుకే మాటలతో ఆపకుండా నాలుగు పనులు అనుకుందాం.

ఒకటి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని కనీసం మూడు పాటలు రికార్డు చేయాలి. ఫ్యాను ఆపేయండి, ఫోను దగ్గరగా పెట్టండి, మధ్యలో మాట్లాడకండి. పాట అయ్యాక వాళ్ల పేరు, ఊరు, గోత్రం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడతారు, ఇవన్నీ వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చేయండి. వాట్సాప్‌లో పంపితే శబ్దం నాణ్యత తగ్గుతుంది, కాబట్టి అసలు ఫైలును రెండు చోట్ల దాచండి.

రెండు. దేవుడి పాటలు, చావు పాటలు, ఆడవాళ్లు మాత్రమే పాడుకునే పాటలు బయట పెట్టే ముందు అడగండి. పెద్దలు వద్దంటే వద్దు. జనం ముందు పెట్టకుండా దాచుకునే హక్కు కూడా మన హక్కే.

మూడు. రీమిక్స్ చేసే తమ్ముళ్లు పాట కింద మూలం పాడినవాళ్ల పేరు, ఊరు తప్పకుండా రాయాలి. డబ్బులొస్తే వాటా ఇవ్వాలి. మడోనా అడిగింది, మనవాళ్ల దగ్గర మనం అడగలేమా?

నాలుగు. ప్రతి ఐటీడీఏలో మన విద్యార్థి సంఘాలు ఒకే అర్జీ ఇవ్వాలి. ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య స్కూళ్లలో వారానికి రెండు పూటలు స్థానిక కళాకారుడితో సంగీతం క్లాసు, దానికి వేతనం. అర్జీ నమూనా తయారుచేసి ఈ గ్రూపులోనే పెడతాం, మీ జిల్లాకు తగ్గట్టు మార్చుకోండి.

అబ్బా నలుగురూ బతికుండగానే మళ్లీ ఒక గదిలో కలిశారు. మన ఊళ్లలో విడిపోయిన డోలు జట్లు, ఆగిపోయిన దండారి బృందాలు ఎన్నో ఉన్నాయి. డోలు ఒక ఇంట్లో అటక మీద ఉంది, పెప్రె ఇంకో ఇంట్లో గూట్లో ఉంది, వాయించేవాళ్లు కూలికి పోతున్నారు. వాళ్లను ఒక సాయంత్రం ఒకచోట కూర్చోబెట్టడం మన వల్ల అయ్యే పనే. మీ ఊళ్లో అలాంటి జట్టు ఉంటే కామెంట్లో ఊరి పేరు, వాద్యం పేరు రాయండి. జాబితా అక్కడి నుంచే మొదలుపెడదాం.

జోహార్. జై ఆదివాసీ.